దక్షిణ ఇండియా సంఘపు విశ్వాస పునాది – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఒక మతస్థుల విశ్వాసాన్ని ఖండించదలచినవాడు ముందుగా ఆ విశ్వాసమేమిటో వారు తల ఊపి ఒప్పుకునే మాటల్లో చెప్పగలగాలి. ఇది మన పూర్వ పండితులు పాటించిన నియమమే. హిజ్రీ 548లో (క్రీ.శ. 1153) పరమపదించిన ఇమామ్ షహ్రస్తానీ తమ ‘అల్ మిలల్ వన్నిహల్’ గ్రంథం మొదట్లోనే, ప్రతి వర్గం విశ్వాసాన్నీ వారి గ్రంథాలలో ఉన్నది ఉన్నట్లుగా, పక్షపాతానికి తావులేకుండా చెబుతానని తమపై తామే ఒక షరతు విధించుకున్నారు. ఆ షరతు ప్రకారమే క్రైస్తవులను ఒకే గంపలో వేయకుండా మల్కానియా, నస్తూరియా, యాఖూబియా అని వేరుచేసి, ఎవరి మాట వారికి అప్పగించారు.

ఎనిమిది శతాబ్దాల తర్వాత మన తెలుగులో వెలువడే చిన్న పుస్తకాలలో, ప్రసంగాలలో ఈ షరతు తరచుగా కనిపించదు. “క్రైస్తవుల విశ్వాసం ఇది” అని ఒక్క వాక్యంలో తేల్చి, మరుసటి వాక్యంలోనే ఖండన మొదలవుతుంది. ఏ క్రైస్తవులు, ఏ సంఘం, ఏ పత్రంలో అలా ఒప్పుకున్నారు అన్న ప్రశ్న పుట్టదు. దీనివల్ల రెండు నష్టాలు కలుగుతున్నాయి. పొరుగున ఉన్న క్రైస్తవుడు ఆ పుస్తకం చదివి, ‘ఇది మా విశ్వాసం కాదు’ అని నవ్వి పక్కన పెడతాడు. అంతకన్నా పెద్ద నష్టం మనకే. మన విభేదం నిజంగా ఎక్కడుందో మన పిల్లలకు తెలియకుండా పోతుంది.

కాబట్టి ఈ వ్యాసంలో ఒకే ఒక సంఘాన్ని, అది స్వయంగా రాసుకున్న విశ్వాస పునాదిని తీసుకుని పరిశీలిద్దాం. ఆ సంఘం దక్షిణ ఇండియా సంఘం. జనం వాడుకలో సి.ఎస్.ఐ. దీన్ని ఎంచుకోవడానికి కారణముంది. చాలా సంఘాల విశ్వాసం శతాబ్దాల చరిత్రలో చెల్లాచెదురుగా ఉంటుంది. ఈ సంఘం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో, మన దేశంలోనే, ‘ఏయే విషయాలు ఒప్పుకుంటే మనం ఒకటి కావచ్చు’ అని కూర్చుని ఆలోచించి, ఆ విషయాలను కాగితం మీద పెట్టింది. ఒక క్రైస్తవ సంఘానికి అత్యవసరమైన విశ్వాసమేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా స్పష్టమైన పత్రం మనకు దగ్గరలో లేదు. తెలుగు క్రైస్తవులందరూ ఈ సంఘానికి చెందినవారు కారనీ, కాథలిక్కులు, బాప్టిస్టులు, లూథరన్లు, పెంతెకొస్తు వారు దీనికి వెలుపల ఉన్నారనీ పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఐక్యత ఎలా కుదిరింది?

1919 మే నెలలో తరంగంబాడిలో కొందరు సంఘ గురువులు సమావేశమై ఐక్యత కోసం పిలుపునిచ్చారు. వారిలో అత్యధికులు భారతీయులు. దానికి ముందు నిలిచినవారిలో డోర్నకల్ బిషప్పు వి. ఎస్. అజరయ్య ముఖ్యులు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన తొలి భారతీయుడు ఆయనే. ఆ పిలుపు ఫలించడానికి 28 ఏళ్లు పట్టింది. ఆంగ్లికన్ సంఘానికి చెందిన నాలుగు అధ్యక్ష మండలాలు, దక్షిణాదిలోని మెథడిస్టు సంఘం, 1908లోనే ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాల కలయికతో ఏర్పడిన దక్షిణ భారత ఐక్య సంఘం – ఈ మూడూ కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఒకే సంఘంగా ప్రకటించుకున్నాయి. బిషప్పు అజరయ్య ఆ రోజు చూడలేదు, 1945లోనే మరణించారు.

తెలుగునాట ఈ మూడు పాయలూ ఉన్నాయి. డోర్నకల్‌ది ఆంగ్లికన్ పాయ. 1924లో ప్రతిష్ఠించిన పెద్ద చర్చి ఉన్న మెదక్‌ది మెథడిస్టు పాయ. కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతాలది లండన్ మిషన్ వారి కాంగ్రిగేషనల్ పాయ. బయటనుంచి చూసే మనకు ఇవన్నీ ఒక్కటిగానే కనిపించవచ్చు. వారికి మాత్రం వీటి మధ్య దూరం తక్కువేమీ కాదు.

ఐక్యతకు నాలుగు ఆధారాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. 1888లో ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ మహాసభ, విడిపోయిన సంఘాలు కలవాలంటే ఈ నాలుగూ కావాలని చెప్పింది: పరిశుద్ధ లేఖనాలు, అపొస్తలుల విశ్వాస ప్రమాణం, నైసియా విశ్వాస ప్రమాణం, బాప్తిస్మం, ప్రభువు రాత్రి భోజనం అనే రెండు సంస్కారాలు, పూర్వం నుంచి పరంపరగా వస్తున్న బిషప్పు పదవి. దక్షిణ ఇండియా సంఘం చివరకు ఈ నాలుగింటినీ స్వీకరించింది.

వాదం జరగని చోటు

28 ఏళ్లు వారు దేనిమీద వాదించుకున్నారన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. దాదాపు అంతా నాలుగో అంశం మీదే. బిషప్పు చేతి నిక్షేపం లేకుండా గురువైనవాడు నిజమైన గురువేనా? అతడిచ్చే ప్రభు భోజనం చెల్లుతుందా? ఐక్యతకు ముందు గురువులైనవారిని మళ్లీ అభిషేకించాలా, అక్కరలేదా? ఈ ప్రశ్నల మీద కమిటీలు కూర్చున్నాయి, ముసాయిదాలు మారాయి, ఇంగ్లండు వరకూ ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది 1947లో చేరకుండా ఆగిపోయి, 1975లో గాని ఈ సంఘంలోకి రాలేదు.

ఏకైక దేవుడిని తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఆరాధించాలా అన్న విషయం మీద మాత్రం సంఘాల మధ్య తగవు రాలేదు. దేవుడే యేసులో మనిషై వచ్చాడా అన్నదాని మీదా, ఆయనే లోక విమోచకుడా అన్నదాని మీదా రాలేదు. ఐక్యతా పత్రంలో విశ్వాస భాగం చాలా చిన్నది. దాని సారాంశం ఇది: యేసుక్రీస్తు లోక విమోచకుడు, మనుషులు విశ్వాసం ద్వారా, దేవుని కృప చేత రక్షణ పొందుతారు, యేసు శరీరధారియైన దేవుడు, ఆయన ఇచ్చిన ప్రత్యక్షతను అనుసరించి ఈ సంఘం తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అయిన ఒకే దేవుణ్ణి ఆరాధిస్తుంది.

ఒక సమాజం మూల విశ్వాసమేదో తెలియాలంటే అది దేనిమీద పోట్లాడుకుందో చూడటం చాలదు. దేనిమీద పోట్లాడుకోవలసిన అవసరమే రాలేదో చూడాలి. మనలో హనఫీలు, షాఫయీలు నమాజులో చేతులు ఎత్తే విషయంలో శతాబ్దాలుగా వాదించుకున్నారు. అల్లాహ్ ఒక్కడే అన్నదాని మీద వాదించుకోలేదు. ఈ కొలతతో కొలిస్తే దక్షిణ ఇండియా సంఘపు మూల విశ్వాసం ఒక్క మాటలోకి వస్తుంది: దేవుడు మనిషయ్యాడు. మిగిలినవన్నీ ఆ మాట నుంచి పుట్టినవే. త్రిత్వం కూడా ఆ మాటను సమర్థించడానికి జరిగిన ఆలోచన ఫలితమే.

ఖలీఫా తొలి ప్రశ్న

మన ప్రచార సాహిత్యం మాత్రం ఈ చోటికి చేరుకోవడం లేదు. అందులో తరచుగా కనిపించేవి రెండు వాదాలు. మొదటిది: దేవునికి భార్య లేకుండా కొడుకెలా పుడతాడు? రెండోది: ఒకటీ ఒకటీ ఒకటీ కలిస్తే మూడే అవుతుంది గాని ఒకటెలా అవుతుంది?

మొదటి ప్రశ్న చాలా పాతది. సుమారు క్రీ.శ. 781లో బాగ్దాదులో అబ్బాసీ ఖలీఫా మహ్‌దీ, తూర్పు సిరియా సంఘపు పెద్ద మొదటి తిమోతిని పిలిపించి సంభాషించారు. ఆ సంభాషణను తిమోతి సిరియాక్ భాషలో ఒక లేఖగా రాసుకున్నాడు. దాని ప్రకారం ఖలీఫా మొదట అడిగిన ప్రశ్న ఇదే. అలా అనడం దైవదూషణ అనీ, క్రైస్తవులెవరూ అలా నమ్మరనీ తిమోతి జవాబిచ్చాడు. సూర్యుని నుంచి కాంతి, వేడి వెలువడటాన్ని ఉపమానంగా చెప్పాడు. గమనించదగిన విషయమేమిటంటే ఖలీఫా అక్కడే ఆగిపోలేదు. ఆ జవాబు విని తర్వాతి ప్రశ్నలకు వెళ్లారు. పన్నెండు వందల ఏళ్లు దాటాయి. మన కరపత్రాలు ఇంకా ఖలీఫా తొలి ప్రశ్న దగ్గరే నిలబడి ఉన్నాయి.

ఖుర్‌ఆన్ చేసిన నిరాకరణ తప్పని అనడం నా ఉద్దేశం కాదు, అల్లాహ్ శరణు. అల్లాహ్‌కు సంతానం అంటగట్టడాన్ని ఖుర్‌ఆన్ ఎన్నో చోట్ల ఖండించింది. దైవదూతలను అల్లాహ్ కుమార్తెలన్న మక్కా ముష్రికుల మాట కూడా ఆ ఖండన పరిధిలోనిదే. ప్రతి ఆయతునూ ప్రతి సంఘపు పత్రానికీ నేరుగా అంటించడం తఫ్సీర్ పద్ధతి కాదు. ఉదాహరణకు, అల్ మాయిదా సూరా 116వ ఆయతులో హజ్రత్ ఈసా (అ)నూ, ఆయన తల్లినీ ఆరాధ్యులుగా చేసుకోవడం గురించి ప్రస్తావన ఉంది. దాన్ని పట్టుకుని, ‘సి.ఎస్.ఐ. వారి త్రిత్వంలో మర్యమ్ (అ) ఉన్నారు’ అని రాస్తే అది వాస్తవ విరుద్ధం. వారి విశ్వాస ప్రమాణంలో ఆమె యేసు తల్లిగా మాత్రమే ఉన్నారు. ఆమెకు ప్రార్థన చేయడం ఆ సంఘపు ఆరాధనలో లేదు.

రెండో వాదం గణితానికి సంబంధించింది. దీనికి జవాబు మన ముఫస్సిరే ఇచ్చారు. హిజ్రీ 606లో (క్రీ.శ. 1210) పరమపదించిన ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ అన్నిసా సూరా 171వ ఆయతును వివరిస్తూ క్రైస్తవుల సిద్ధాంతం చాలా అస్పష్టంగా ఉందని అన్నారు. అయినా దాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం వదలలేదు. వారు ఒకే సత్తకు మూడు గుణాలు ఉన్నట్లు చెబుతారు, కాని ఆ గుణాలు ఈసాలో ప్రవేశించి నిలవగలవని ఒప్పుకుంటున్నందున, వారు గుణాలని పిలుస్తున్నవి నిజానికి వేర్వేరు సత్తలే అవుతాయి – ఇదీ ఆయన విమర్శ. గుణాలు అనేకం కావడాన్ని మనమూ కాదనడం లేదని ఆయన స్పష్టంగానే అన్నారు. జ్ఞానం, శక్తి, జీవం మొదలైన సిఫాత్ అల్లాహ్‌కు ఉన్నాయనీ, అవి ఆయన సత్త కావు, ఆయనకు అన్యమూ కావు అనీ మన అష్‌అరీ పండితులు చెప్పినప్పుడు, మీరూ క్రైస్తవుల దారి పట్టారని ముఅతజిలాలు ఎత్తిపొడిచిన సంగతి ఇల్మె కలామ్ చదివినవారికి తెలుసు. అంటే లెక్క దగ్గర వాదం పెట్టుకుంటే అది తిరిగి మన వాకిట్లోకే వస్తుంది. ఇమామ్ రాజీ చూపిన చోటు వేరు: హులూల్, అంటే దైవం ఒక మనిషిలో దిగి నివసించడం. మన అభ్యంతరం నిలబడేది అక్కడే.

నైసియాపై మన కథలు

దక్షిణ ఇండియా సంఘం ప్రభు భోజన ఆరాధనలో పఠించే నైసియా విశ్వాస ప్రమాణానికి మూలం క్రీ.శ. 325 నాటి సభ. చక్రవర్తి కాన్‌స్టంటైన్ దాన్ని పిలిపించాడు. ఆ ఊరు నేటి తుర్కియేలోని ఇజ్నిక్. ఆ సభ జరిగి 1700 ఏళ్లయిన సందర్భాన్ని 2025లో ప్రపంచంలోని అనేక సంఘాలు జరుపుకున్నాయి. నేడు పఠించే పాఠం 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడిన విస్తృత పాఠం; పరిశుద్ధాత్మను గురించిన భాగం అందులోనే పెరిగింది.

ఈ సభ గురించి మనలో మూడు కథలు తిరుగుతున్నాయి. సువార్తలలో ఏవి ఉంచాలో ఏవి తగలబెట్టాలో అక్కడే ఓటు వేశారన్నది మొదటిది. ఆ సభ చేసిన 20 నిబంధనలలో అలాంటిదేదీ లేదు. త్రిత్వం అన్న మాటే అక్కడ పుట్టిందన్నది రెండోది. అంతకు శతాబ్దం ముందే తెర్తుల్లియన్ లాటిన్‌లో ఆ మాట వాడాడు. అక్కడ ఓడిపోయిన ఏరియస్ మనలాంటి మువహ్హిద్ అన్నది మూడోది. ఇదే అన్నిటికన్నా ప్రమాదకరం. కుమారుడు సృష్టించబడినవాడేనని ఏరియస్ చెప్పిన మాట నిజమే. కాని ఆ కుమారుడు లోకాలకు ముందే ఉన్నాడనీ, తక్కిన సమస్త సృష్టీ అతని ద్వారానే జరిగిందనీ కూడా అతడు నమ్మాడు. ఇది తౌహీద్ కాదు. దేవునికీ సృష్టికీ మధ్య ఒక చిన్న దేవుణ్ణి నిలబెట్టడం. మనకు వకాల్తా పుచ్చుకోని మనిషిని మన సాక్షిగా పిలవనక్కరలేదు.

నైసియాపై చేయదగిన నిజమైన విమర్శ వేరే ఉంది. కుమారుడు తండ్రితో ఒకే సత్త కలవాడని చెప్పడానికి ఆ సభ ‘హోమోఊసియోస్’ అనే గ్రీకు మాటను ఎంచుకుంది. ఆ మాట లేఖనాలలో ఎక్కడా లేదు. ఈ సంగతి ఆ సిద్ధాంతాన్ని జీవితాంతం సమర్థించిన అథనేసియస్ కూడా ఒప్పుకున్నదే. మాట లేకపోయినా భావం లేఖనాలలో ఉందని ఆయన సమాధానం. మన కలామ్ పండితులూ జౌహర్, అరజ్ వంటి ఖుర్‌ఆన్‌లో లేని పరిభాషను వాడారు. కాబట్టి కేవలం ‘మాట గ్రంథంలో లేదు’ అన్న అభ్యంతరం రెండు వైపులా కోస్తుంది. కాని ఒక తేడా ఉంది. జౌహర్, అరజ్ మన మదరసా పుస్తకాలలో ఉన్నాయి గాని కలిమాలో లేవు. ఇస్లాం స్వీకరించేవాడు పలకవలసిన సాక్ష్యంలో రెండే భాగాలు ఉన్నాయి. పొలం దున్నేవాడికైనా పండితుడికైనా అవే మాటలు. తత్వశాస్త్రజ్ఞుల పరిభాష సామాన్యుని విశ్వాస సాక్ష్యంలోకే ప్రవేశించడం నైసియాలో జరిగింది.

తెలుగు మాటలు చేసే పని

ఇక అనువాదకుడిగా నాకు ఎక్కువ సంబంధమున్న విషయానికి వస్తాను. తెలుగులో ఈ రెండు ధర్మాలవారూ కొన్ని మాటలను ఉమ్మడిగా వాడుతున్నారు. ఉమ్మడి మాట ఉన్నచోట ఉమ్మడి భావం ఉందని భ్రమపడటం సులభం.

‘అద్వితీయ’ అన్న మాటను చూడండి. రెండోది లేనిది అని దాని అర్థం. వేదాంతం నుంచి మన భాషలోకి వచ్చింది. తెలుగు ముస్లింలు అల్లాహ్‌కు సాటి లేదని చెప్పడానికి ‘అద్వితీయుడు’ అంటాం. తెలుగు బైబిలు యోహాను సువార్త 3వ అధ్యాయంలో అదే విశేషణం దేవుని కుమారునికి ఉంది. మనం ఏ మాటతో కుమారుణ్ణి నిరాకరిస్తున్నామో, వారు ఆ మాటతోనే కుమారుణ్ణి ప్రకటిస్తున్నారు.

‘వాక్కు’ రెండోది. ఖుర్‌ఆన్ హజ్రత్ ఈసా (అ)ను అల్లాహ్ నుంచి వచ్చిన కలిమా అంది. యోహాను సువార్త ప్రారంభంలో ‘వాక్యము’ ఉంది. ఈ సామ్యాన్ని చూపి, ఖుర్‌ఆన్ కూడా మా మాటే చెబుతోందని కొందరు క్రైస్తవ బోధకులు అంటారు. కాని ఆలి ఇమ్రాన్ సూరాలోనే 47, 59 ఆయతులు ఆ కలిమా ఏమిటో తెలుపుతున్నాయి: ‘అయిపో’ అన్న ఆజ్ఞ. తండ్రి లేకుండా పుట్టిన ఈసా (అ), తల్లీతండ్రీ ఇద్దరూ లేకుండా పుట్టిన ఆదం (అ) వంటివారే. యోహానులోని వాక్యం ఆజ్ఞ కాదు; మొదటినుంచీ దేవునితో ఉన్నదీ, దేవుడే అయినదీ. ఒకచోట వాక్కు సృష్టిస్తుంది, ఈసా (అ) సృష్టి అవుతారు. మరోచోట వాక్కే ఈసా అవుతుంది.

‘పరిశుద్ధాత్మ’ కూడా ఇలాంటిదే. ‘రూహుల్ ఖుదుస్’ను మన అనువాదాలలో పరిశుద్ధాత్మ అని రాస్తే, దాన్ని అధిక సంఖ్యాక ముఫస్సిర్లు హజ్రత్ జిబ్రీల్ (అ)గా వివరించారని చదువరికి తెలియదు, అతని చెవికి చర్చి మాటే వినిపిస్తుంది. అలాగే అరబ్బీ క్రైస్తవులు ‘ఉఖ్నూమ్’ అనే మాటకు తెలుగులో ‘వ్యక్తి’ అని రాస్తే, తెలుగువాడికి వీధిలో నడిచే మనిషి కనిపిస్తాడు. ముగ్గురు వ్యక్తులు అనగానే ముగ్గురు మనుషులే అనిపించడం తెలుగు మాట చేసే పని. సిరియాక్ మాట ఆ పని చేయదు. మనం ఖండిస్తున్నది సిద్ధాంతాన్నా, దాని తెలుగు అనువాదాన్నా అని ప్రశ్నించుకోవాలి.

అన్నిటికన్నా లోతైనది ‘అవతరణ’. ఖుర్‌ఆన్ అవతరించిందని మనం నిత్యం అంటాం; నుజూల్‌కు తెలుగులో స్థిరపడిన మాట అదే. దేవుడు మనిషి కావడాన్ని తెలుగు క్రైస్తవులు ‘నరావతారం’ అంటారు. మద్రాసుకు చెందిన న్యాయవాది, క్రైస్తవ చింతకుడు వెంగల్ చక్కరై యేసును అవతారమని పేర్కొంటూ ఒక గ్రంథమే రాశారు. పురాణాలలోని పదేపదే జరిగే అవతారాలకూ దీనికీ తేడా ఉందని క్రైస్తవులు వెంటనే జోడిస్తారు. ఈ మాట దగ్గర రెండు ధర్మాలూ ఎదురెదురుగా నిలుస్తాయి. దైవం నుంచి లోకంలోకి దిగివచ్చిందేమిటి? వారి జవాబు: దైవమే, ఒక మనిషిగా. మన జవాబు: ఆయన వాణి, ఒక గ్రంథంగా. మన సంప్రదాయం కూడా ఆ వాణి సృష్టించబడినది కాదని చెప్పింది; ఆ మాట కోసం ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ కొరడా దెబ్బలు తిన్నారు. అయినా ఏ ముస్లిమూ ముస్‌హఫ్‌కు సజ్దా చేయలేదు. గ్రంథం ఆరాధ్యుని వైపు చూపుతుంది, తాను ఆరాధ్యం కాదు. దక్షిణ ఇండియా సంఘంలో దిగివచ్చినవాడే ఆరాధ్యుడు. మన విభేదానికి హద్దురాయి ఇదే.

ప్రతి మాటనూ ఒప్పుకోనక్కరలేదా?

ఐక్యతా పత్రంలో మనవాళ్లు అంతగా గమనించని వాక్యం ఒకటుంది. కలుస్తున్న సంఘాలు విశ్వాస ప్రమాణాలలోని మౌలిక సత్యాలను ఐక్యతకు చాలిన పునాదిగా ఒప్పుకుంటున్నాయి. కాని వాటిలోని ప్రతి మాటకూ, ప్రతి పదబంధానికీ ఒక్కొక్క వ్యక్తి సమ్మతి తెలపాలని కోరడం లేదు. సమంజసమైన వ్యాఖ్యాన స్వేచ్ఛను తోసిపుచ్చడం లేదు. ఆ ప్రమాణాలే క్రైస్తవ విశ్వాసానికి సంపూర్ణ రూపమని అనడమూ లేదు. విశ్వాస ప్రమాణాన్ని సభ్యత్వానికి పరీక్షగా పెట్టడం కాంగ్రిగేషనల్ సంప్రదాయానికి మొదటినుంచీ ఇష్టం లేదని గుర్తుంచుకుంటే ఈ వాక్యం ఎందుకు అవసరమైందో తెలుస్తుంది.

దీన్ని చూసి, ‘చూడండి, వారికే నమ్మకం లేదు’ అని సంబరపడటం చవకబారు పని. నిజాయితీగా మాట్లాడితే ఈ వాక్యంలో ఒక మంచి ఉంది: మనుషులు రూపొందించిన పాఠాన్ని దైవవాణితో సమానం చేయడానికి ఆ సంఘం వెనుకాడింది. లేఖనాలు సర్వోన్నతమైన, నిర్ణయాత్మకమైన కొలబద్ద అనీ, వాటి బోధకు అనుగుణంగా తనను తాను సరిదిద్దుకోవడానికి సంఘం ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండాలనీ అదే పత్రం అంటోంది.

అయితే విమర్శకుడు ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడగాలి. ప్రతి మాటా తప్పనిసరి కానప్పుడు, తప్పనిసరి అయిన మౌలిక సత్యాలేవో ఎవరు నిర్ణయిస్తారు? లేఖనమే నిర్ణయిస్తుందంటే, మార్కు సువార్త 12వ అధ్యాయంలో యేసు ఇశ్రాయేలీయుల పురాతన తౌహీద్ ప్రకటననే మొదటి ఆజ్ఞగా చెప్పారు. 13వ అధ్యాయంలో ఆ ఘడియ తనకు తెలియదన్నారు. 10వ అధ్యాయంలో మంచివాడన్న పిలుపును కూడా దేవునికే వదిలారు. మరోవైపు యోహాను సువార్త మొదటి అధ్యాయం, 20వ అధ్యాయంలో తోమా పలికిన మాట ఉన్నాయి. మొదటి వాటిని మాత్రమే ఏరి చూపి రెండో వాటిని దాచే మన వక్తలకు సండే స్కూలు పిల్లవాడు కూడా జవాబు చెప్పగలడు. అందుకే ప్రశ్నను ఇలా పెట్టాలి: ఈ రెండు రకాల వాక్యాలలో దేన్ని దేనితో వ్యాఖ్యానించాలి? సంఘం మార్కును యోహానుతో, యోహానును నైసియాతో చదువుతోంది. అంటే కొలబద్ద లేఖనమే అయినా, దాన్ని పట్టుకున్న చెయ్యి 325 నాటిది. సరిదిద్దుకోవడానికి సిద్ధమన్న సంఘం ఆ చేతిని కూడా పరీక్షకు పెడుతుందా? పత్రం దీనికి జవాబివ్వదు. 28 ఏళ్ల చర్చల్లో ఆ అవసరం రాకపోవడమే ఒక జవాబు.

మనకూ ఒక జాగ్రత్త అవసరం. మన విశ్వాసానికి ఆధారం ఖుర్‌ఆనే గాని మార్కు సువార్త కాదు. వారి గ్రంథంలో మనకు అనుకూలమైన వాక్యం దొరికినప్పుడు ప్రమాణమనీ, దొరకనప్పుడు మార్పులకు గురైందనీ అనడం న్యాయం అనిపించుకోదు. ఏ ప్రమాణంతో మాట్లాడుతున్నామో ముందే చెప్పి మాట్లాడాలి.

కృప, బరువు

చివరిగా విమోచనం. యేసు మరణం మానవుల పాపానికి పరిహారమని వారి విశ్వాసం. మన పుస్తకాలు దీన్ని సాధారణంగా, ఒకరి నేరానికి మరొకరిని శిక్షించే న్యాయాధిపతి కథగా చెప్పి ఖండిస్తాయి. పరిహార చెల్లింపుగా దాన్ని వివరించినవాడు పదకొండో శతాబ్దపు చివర ఆన్సెల్మ్. తర్వాత సంస్కరణ కాలంలో అది శిక్ష భరించే సిద్ధాంతంగా మరింత బిగుసుకుంది. నైసియా ప్రమాణం మాత్రం ఇది మన కోసం, మన రక్షణ కోసం జరిగిందని చెప్పి ఊరుకుంటుంది. ఎలా అన్నది చెప్పదు. ఐక్యతా పత్రం కూడా ఏ ఒక్క సిద్ధాంతాన్నీ తప్పనిసరి చేయలేదు. కాబట్టి న్యాయాధిపతి కథను పడగొట్టినంత మాత్రాన ఈ సంఘపు విశ్వాసం పడిపోదు.

మన విభేదం ఇంకా లోతున ఉంది. సిలువ సంఘటననే ఖుర్‌ఆన్ (4:157) నిరాకరించింది. దానికి తోడు, ఏ మోసేవాడూ మరొకరి బరువు మోయడని అయిదు చోట్ల ప్రకటించింది. హజ్రత్ ఆదం (అ) పొరపాటు చేశారు, పశ్చాత్తాపపడ్డారు, అల్లాహ్ క్షమించాడు (2:37). ఆ క్షమకూ పశ్చాత్తాపానికీ మధ్య మూడో సంఘటన ఏదీ లేదు. మనిషి తనంతట తాను రక్షణ సంపాదించుకుంటాడని ఇస్లాం చెబుతోందనీ, కృప తమ వద్దే ఉందనీ క్రైస్తవ సోదరులు కొందరు అనుకుంటారు. అది మన గురించి వారి తొలి ప్రశ్న దగ్గర ఆగిపోవడం. అల్లాహ్ కారుణ్యం లేకుండా ఎవరి కర్మలూ వారిని స్వర్గంలో ప్రవేశింపజేయలేవని, తమ కర్మలు కూడా అంతేనని దైవప్రవక్త (స) స్పష్టంగా బోధించారు. కాబట్టి కృప ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న. కృప చూపడానికి దేవుడు మనిషై మరణించవలసిన అవసరం ఉందా అన్నది ప్రశ్న. వారు ఉందంటారు, ఆ ప్రేమ అంత దూరం వచ్చిందంటారు. మనం లేదంటాం; క్షమించేవాడు క్షమించడానికి తన సింహాసనం దిగనక్కరలేదంటాం.

ఎలా మాట్లాడాలి?

గ్రంథ ప్రజలతో ఉత్తమమైన రీతిలో తప్ప వాదించవద్దని అల్ అన్‌కబూత్ సూరా 46వ ఆయతు ఆదేశించింది. ఉత్తమమైన రీతి అంటే తియ్యటి గొంతు మాత్రమే అని కొందరు అనుకుంటారు. ఎదుటివాడు అనని మాటను అతని నోట్లో పెట్టి, ఎంత తియ్యగా ఖండించినా అది అన్యాయమే. ఒక జాతిపై ఉన్న విరోధం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదన్న ఆజ్ఞ (5:8) కలానికి కూడా వర్తిస్తుంది. 2007 అక్టోబరులో 138 మంది ముస్లిం పండితులు క్రైస్తవ సంఘ నాయకులకు రాసిన లేఖ దేవుని ప్రేమ, పొరుగువాని ప్రేమ అనే రెండు ఉమ్మడి ఆజ్ఞలతో మొదలై, తౌహీద్‌ను ఎక్కడా వదులుకోలేదు. ఆ మర్యాదా ఆ స్థైర్యమూ ఒకే లేఖలో ఇమిడాయి.

మన ఊళ్లలో ఒకే బడిలో చదివిన ముస్లిం, క్రైస్తవ పిల్లలు పెద్దయ్యాక ఈ విషయాలు మాట్లాడుకుంటారు. మనం వారికి గణితం లెక్కనో, భార్య లేని తండ్రి ప్రశ్ననో ఇచ్చి పంపితే, వారు మొదటి జవాబుకే తడబడతారు. కొందరు తమ ధర్మమే బలహీనమైనదని కూడా అనుకోవచ్చు. దాని బదులు ఈ ఒక్క ప్రశ్న ఇద్దాం: దైవం మనిషి అవుతాడా, లేక మనిషితో మాట్లాడతాడా? దీనికి వారి సంఘపు జవాబును వారి మాటల్లోనే చెప్పగలిగి, మన జవాబును ఖుర్‌ఆన్ మాటల్లో చెప్పగలిగిన యువకుడికి మరే వాద సామగ్రీ అవసరం లేదు.

వల్లాహు ఆలమ్.